బోనులో ‘లో’

నిఘంటువు ఆఫీసు,
కిటికీ పక్క బల్ల

అక్కా,

నేనీ ఉద్యోగంలో చేరి ‘బ’ దాకా వచ్చాను. ఇక్కడ కాలాన్ని నెలలతో కొలవరు, అక్షరాలతో కొలుస్తారు. మా ప్రధాన సంపాదకుణ్ణి అందరం పెద్దాయన అంటాం. ‘అ’ మొదలుపెట్టినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేదట. "నువ్వు ‘హ’ చూడాలమ్మా" అంటుంటారు నాతో. దీవిస్తున్నారో, శపిస్తున్నారో తెలియదు. ఒక్కచోట కూర్చోలేని నన్ను తెచ్చి అక్షరాల మధ్య కూర్చోబెట్టారు.

ఈ వారం నా వంతు ‘బోను’ కింద వచ్చే ‘ఎలుకల బోను’. పాత నిఘంటువులో "ఎలుకలను పట్టు సాధనము" అని తేల్చేశారు. పెద్దాయనకి అది చాలదు. "జనం నోట్లో ఎలా నలుగుతోందో అది కావాలి. ఇళ్లల్లోంచి వాక్యాలు పట్టుకురా" అన్నారు. హాస్టల్లో అడిగితే ఎవరికీ బోను తెలియదు. ఎలుకని చూస్తే మంచమెక్కడం మాత్రం అందరికీ తెలుసు.

నాకు గుర్తున్నది మనింటి బోనే. ఇనుప తీగల పెట్టె, లోపల కొక్కెం, ముందు పైకి లేచే తలుపు. నువ్వు కొక్కేనికి రొట్టెముక్క గుచ్చేదానివి. పొద్దున్నే తోక బయటికి, మొహం లోపలికి పెట్టుకుని కూర్చుని ఉండేది ఎలుక. దాన్ని దూరంగా తీసుకెళ్లి వదిలేసి, అమ్మతో చంపేశానని చెప్పేదానివి. "దానికేం కాలేదే" అని నా చెవిలో మాత్రం నిజం చెప్పేదానివి. అందుకే ఇప్పటికీ నాకు బోను అంటే భయం లేదు.

మీ కుట్టు షాపులో బట్టలుంటాయి కాబట్టి ఎలుకలూ ఉంటాయి. అక్కడ బోను గురించి ఎలా మాట్లాడుకుంటారో రెండు మూడు వాక్యాలు రాసి పంపు. కత్తెర కాసేపు కింద పెట్టి కలం పట్టుకో. కటింగ్ మాస్టరుగారి మాట నిఘంటువుకెక్కితే గొప్ప ఎవరికి?

నీ పిడుగు

*

నా అద్దె గది,
వంటగట్టు మీద

పిడుగూ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పెద్ద ఉత్తరం ఆశించకు. చేతికి తీరిక లేదు.

"బోను పెట్టినా పడట్లేదు, మహా తెలివిమీరింది." ఇది మా దర్జీ మాట. "బోనులో పడ్డ ఎలుకలా ఏమిటే ఆ తిరుగుడు?" ఇది నీ గురించి అమ్మ అనే మాట, మర్చిపోయావా? "వాణ్ణి బోనెక్కిస్తే గానీ బుద్ధి రాదు." ఇది కోర్టు బోను. నీకు పనికిరాదేమో.

ఇంకోటుంది. నీకు తెలియదేమో, మొన్నటిదాకా నాకూ తెలియదు. చెక్కముక్క మీద మందపాటి ఇనప తీగ, దానికో స్ప్రింగు. తాకితే చాలు, తీగ వచ్చి టక్కున పడుతుంది. కింద ఉన్నది ఎలుకైతే అక్కడికక్కడే. ఇప్పుడు చెక్క మీద తీగ ఉన్నదాన్నీ బోనే అంటున్నారు. మనింట్లో ఉన్నదీ బోనే, ఇదీ బోనే. ఇది మాత్రం తప్పకుండా రాయి. తెలియనివాళ్లకి తెలుస్తుంది.

అమ్మకి రాసేటప్పుడు నేను బాగున్నానని రాయి.

అక్క

*

నిఘంటువు ఆఫీసు,
అదే బల్ల, అదే కిటికీ

అక్కా,

నీకో దండం! నువ్వు రాసిన చెక్కబోను చదివి పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన సంతోషిస్తే అదే చేస్తారు. "ఇది ఏ నిఘంటువులోనూ లేదమ్మా! మాట పెరిగింది, మనం గమనించలేదు" అన్నారు. నేను బజారుకి వెళ్లి రెండు ఇనప సామాను దుకాణాల్లో అడిగాను. నిజమే, ఎలుకల బోను ఇమ్మంటే "తీగదా, చెక్కదా?" అని ఎదురు అడుగుతున్నారు.

మన నిఘంటువు విడి భాగాలుగా వస్తుందిగా, ‘బ’ భాగం అచ్చయిపోయింది. నా పేజీ చించి పంపుతున్నాను. చూడు:

‘ఎలుకల బోను: 1. ఎలుకలను ప్రాణంతో పట్టే తీగల పెట్టె. 2. చెక్కకు బిగించిన తీగ స్ప్రింగు బలంతో పడి ఎలుకను చంపే సాధనం. ఉదా. "ఇప్పుడు చెక్క మీద తీగ ఉన్నదాన్నీ బోనే అంటున్నారు."’

ఆ ఉదాహరణ ఎవరిదో గుర్తుపట్టావా, కటింగ్ మాస్టరుగారూ?

ఒక్క సంగతి. నీ అక్షరాలకేమైంది? అచ్చుగుద్దినట్టు రాసే మనిషివి. ఈ ఉత్తరంలో అవన్నీ ఎడమవైపుకి వాలి పడిపోతున్నాయి. సున్నాలైతే చితికిన గుడ్లే. ఒంట్లో బాగుందా?

పిడుగు

*

నా అద్దె గది

పిడుగూ,

బస్సులో రాశానే. బస్సు వాలితే అక్షరం వాలదా? అంతదానికి డిటెక్టివు పని చేయకు.

నీ పేజీ గోడకి అతికించుకున్నాను. నన్ను చూడ్డానికి వచ్చిన దర్జీకి గొప్పగా చూపించాను. నాకూ ఓ కాపీ అన్నాడు. తీసుకెళ్లి షాపులో అందరికీ చూపించాడట. ఓనరు కూడా చదివి, పేజీ తన దగ్గరే ఉంచుకున్నాడట. నా వాక్యం మీద అంత ప్రేమ ఆయనకి ఎప్పుడూ లేదు.

ఉంటాను. గిన్నెలు తోముకోవాలి. ఈమధ్య అదీ పెద్ద పనైపోయింది.

అక్క

*

హాస్టలు గది,
తలుపు వేసుకుని

అక్కా,

నిన్ను చూడ్డానికి దర్జీ ఎందుకొచ్చాడు? నీ ఉత్తరం చదివినప్పుడే ఆ ప్రశ్న నాకు తట్టి ఉండాల్సింది. రోజూ ఒకే బల్ల దగ్గర పనిచేసే మనిషి చూడ్డానికి ఇంటికెందుకు వస్తాడు? అక్షరాల వాలు పట్టుకున్నదాన్ని, పైన ‘వంటగట్టు మీద’ అని ఉన్న ఉత్తరాన్ని బస్సులో రాశానంటే నమ్మాను, మాటలో ఉన్నది వదిలేశాను.

ఇవాళ ఆఫీసుకి కోర్టు నుంచి కాగితం వచ్చింది. ‘ఎలుకల బోను’ రాసిన ఉద్యోగి వచ్చి దాని అర్థం ధ్రువపరచాలట. పిలిపించింది ఒక కుట్టు షాపు ఓనరు తరఫు లాయరు. ఇదేదో వింత కేసని నవ్వుతూ చదువుతున్నాను. పక్క బల్లవాళ్లు "నిన్ను బోనులో పెడతారోయ్" అని ఆటపట్టిస్తున్నారు. రెండో పేజీకి వచ్చాను. ‘గాయపడిన వ్యక్తి’ అన్నచోట నీ పేరుంది.

నీ పేరు. నాన్న పెట్టిన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. కింద ‘కుడిచేతి బొటనవేలు’ అని ఉంది. ఆ తరవాత ఏముందో చదవలేకపోయాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరో నీళ్లిచ్చారు, తాగానో ఒలకబోసుకున్నానో కూడా తెలియదు.

కుడిచేతి బొటనవేలు! కత్తెర రింగులో దూరే వేలు! నా జడ పాయలు తీసిన వేలు!

అంటే నువ్వా ఉత్తరం ఎడమచేత్తో రాశావు. దెబ్బ తగిలాక రాశావు. ఇలా ఉంటుంది, తాకితే ఇలా పడుతుంది అని అంత నిదానంగా చెప్పావు. నేనేమో దానికి ‘2’ అని అంకె వేసి, నీ మాట కొటేషన్లో పెట్టి, గొప్పగా నీకే పంపాను. ఇప్పుడదే పేజీతో వాళ్లు నీ మీదికొస్తున్నారు.

ఏం జరిగిందో మొత్తం చెప్పు. ఏదీ దాచకు. దాస్తే రాత్రి బండెక్కి వచ్చేస్తాను.

పిడుగు

*

ఆసుపత్రి,
నిలబడితే పార్కు కనిపించే మంచం

పిడుగూ,

రాకు. వేలికి రెండో ఆపరేషన్ చేస్తారు. నువ్వొస్తే ఏడుస్తావు, నిన్ను చూసి నేను నవ్వాలి. ఆ ఓపిక లేదు.

జరిగింది ఇదే. నా కత్తెరలు పెట్టుకునే అర ఒకటుందిగా, కటింగ్ బల్ల కింద. అక్కడికి పందికొక్కు వచ్చి లైనింగు గుడ్డ కొరికేస్తోంది. ఓనరు ఆ అర మీద కాగితం అంటించాడు: "ఈ అరలో ఎలుకల బోను ఉంది. బోనులో చెయ్యి పెట్టవద్దు." పొద్దున్నే వచ్చి అది చదివాను. వంగి చూశాను. తీగల పెట్టె ఎక్కడా లేదు. తీసేశారు కాబోలనుకున్నాను. ఓ మూల పేలికల కుప్ప, దాని పక్కనే నా కత్తెర. చెయ్యి పెట్టాను.

పేలికల కింద చెక్క ఉంది. పందికొక్కుల కోసం చేసిన పెద్దది.

నొప్పి తరవాత తెలిసింది. ముందు చప్పుడే వినిపించింది. ఎవరో ఎండుకర్ర విరిచారనుకున్నాను. అది నా వేలని తెలియడానికి కిందకి చూడాల్సొచ్చింది.

ఓనరు నన్ను పని మానిపించి చేతికో కాగితం ఇచ్చాడు. "హెచ్చరిక ఉన్నా నిర్లక్ష్యంగా చెయ్యి పెట్టినందువల్ల" అని అందులో రాశాడు. ఇక ఏ షాపుకి పనికెళ్లినా ముందు ఆ కాగితమే అడుగుతారు. పిడుగూ, వేలు పోయినా ఎలాగో పడుంటాను. కానీ ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ తప్పు కత్తిరించనిదాన్ని, నన్ను నిర్లక్ష్యం అంటాడా? ఆ మాట కొట్టేయించడానికే కోర్టుకెళ్లాను. నా పని నాకు ఇమ్మన్నాను.

బోను అంటే నాకు తెలిసింది తీగల పెట్టె, దాని కోసమే చూశాను, లేదు, అని చెప్పాను. వాళ్ల లాయరేమో "చెక్కదీ బోనే, నిఘంటువు చూడండి" అంటున్నాడు. అది నీ పేజీ అని ఆయనకి తెలియదు. అందులో ఉన్నది నా వాక్యమని అసలే తెలియదు.

నీ మీద కోపం లేదు. రాయమన్నది నేనేగా. ఇంకొకళ్ల వేలు పోకూడదనే చెప్పాను.

అక్క

*

హాస్టలు గది

అక్కా,

ఉదయం పెద్దాయన దగ్గరికెళ్లి, "రెండో అర్థం తీసేద్దామండీ, తప్పు పడిందని ఒక సవరణ వేద్దాం" అన్నాను. ఆయన ఆ పేజీ తీసి చదివారు.

"తప్పు పడిందా?" అన్నారు.

"లేదండీ."

"బజారుకెళ్లి అడిగొచ్చింది నువ్వేగా?"

"నేనే."

"మరి ఎలా తీస్తావమ్మా? మాట మనది కాదు, మన అవసరానికి కురచ చేయడానికి."

అరిచాను అక్కా. అంత పెద్దాయన మీద గట్టిగా అరిచాను. "మీ అక్కది కాదుగా వేలు" అన్నాను. ఆయన లేచి నాకు కుర్చీ జరిపారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

నీ లాయరూ కలిశాడు. "బోను అంటే పెట్టె ఒక్కటే అని చెప్పెయ్యండి, కేసు మనదే" అన్నాడు. చెప్పనా? అబద్ధమని నాకు తెలుసు. నీ కోసం చెప్పేస్తాను. నిజం చెబితే నీ వేలు, నీ పని, నీ పరువు మూడూ వాళ్ల చేతుల్లో పెట్టినట్టే. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

పిడుగు

*

ఆసుపత్రి

పిడుగూ,

అబద్ధం చెప్పావో, జన్మలో నీ జాకెట్టు కత్తిరించను.

నీ వాక్యం నా వాక్యం. నేను నిజమని రాసినదాన్ని నువ్వు బోనెక్కి కాదంటే అబద్ధాలకోరు ఎవరవుతారు? పైగా చెక్కది బోను కాదని అచ్చేయిస్తే, ఇంకో కటింగ్ మాస్టరు వచ్చి, వంగి, పెట్టె లేదని చూసి, చెయ్యి పెడుతుంది. నాకది వద్దు.

నన్నడిగితే ఆ ఓనరుదే విచిత్రం. బోనులో చెయ్యి పెట్టొద్దన్నాడు. నేను పెట్టలేదే! అరలో పెట్టాను. ఆ చెక్కముక్కలో చెయ్యి పెట్టమని బతిమాలినా ఎలా పెట్టడం? దానికి లోపలంటూ ఎక్కడుంది? నర్సుకి ఇదే చెబితే ఆవిడ పడీపడీ నవ్వింది, కట్టు కట్టడం ఆపేసి మరీ.

మందు వేళయింది.

అక్క

*

హాస్టలు గది,
కోర్టు నుంచి నేరుగా

అక్కా,

ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో! నువ్వు నవ్వించడానికి రాసిన ముక్కే నా చేతికి దొరికింది.

కోర్టు అంటే పెద్ద హాలు ఊహించుకున్నాను. పెచ్చులూడిన గది, ఒక వంకర ఫ్యాను, ఫైళ్ల వాసన. బోను మాత్రం కొత్తది, వార్నిష్ చేతికి అంటుకుంది. అంతెత్తు కటకటాలు, పక్కనుంచి చిన్న తలుపు. ఎక్కగానే మనింటి ఎలుక గుర్తొచ్చింది.

ఓనరు లాయరు నన్ను మర్యాదగా పలకరించాడు. తన సాక్షిననుకున్నాడుగా! పేజీ చూపించి, "ఇది రాసింది మీరేనా?" అన్నాడు.

"నేనేనండీ. ముందుగా ఒక మాట చెప్పాలి. గాయపడినావిడ మా అక్క."

ఆయన పేజీ దించి ఓనరు వైపు చూశాడు. జడ్జిగారు కళ్లజోడు మీదుగా చూశారు. "చెప్పాల్సింది చెప్పారు. నిజమే చెప్పండి, ఎవరైనా సరే" అన్నారు.

లాయరు తేరుకుని నీ వాక్యం బిగ్గరగా చదివాడు. "చెక్కదీ బోనే. అవునా, కాదా?"

"అవునండీ."

మన లాయరు తల పట్టుకున్నాడు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ వాక్యం ఎవరిదో కూడా అడగండి" అన్నాను. "మా అక్కదే. ఆ సంగతి ఆవిడకి వేలు విరిగాక తెలిసింది. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో రాసి పంపింది. ఎందుకంటే తెలియనివాళ్లకి తెలియాలని."

జడ్జిగారు ఆ వస్తువు తెప్పించమన్నారు. బల్ల మీద పెట్టారు. అక్కా, అంత పెద్దదని నాకు తెలియదు. నా అరచేయి దాని మీద పరుచుకున్నా మిగులుతుంది. ఓనరు, "చిన్న వస్తువండీ, అన్ని షాపుల్లోనూ ఉండేదే" అంటున్నాడు. "ఎలా పనిచేస్తుందో చూపించండి" అన్నారు జడ్జిగారు. గుమాస్తా తీగ వెనక్కి లాగి బిగించి, పెన్సిల్ కొసతో తాకాడు.

టక్!

పెన్సిల్ రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరి నా బోను కటకటాలకి తగిలి కింద పడింది. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. నేను చూసుకునేసరికి నా రెండు చేతులూ వెనక్కి వెళ్లిపోయి, వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నేను దాచలేదు, అవే దాక్కున్నాయి. ‘స్ప్రింగు బలంతో పడి’ అని రాశాను నేను, టీ తాగుతూ. ఆ ముక్కలో ఈ చప్పుడు లేదక్కా. జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించారు.

అప్పుడు నేనే అడిగాను. "అయ్యా, ఆ అర మీద అంటించిన కాగితం ఒక్కసారి చదువుతారా?"

గుమాస్తా చదివాడు. "బోనులో చెయ్యి పెట్టవద్దు."

"నేనిప్పుడు ఎక్కడున్నానండీ?" అన్నాను.

"ఏమిటీ ప్రశ్న? బోనులో ఉన్నారు" అన్నాడు లాయరు విసుగ్గా.

"దీనికి లోపలుంది కనక ‘బోనులో’ అన్నారు మీరు. తీగల పెట్టెకీ లోపలుంది కనక ‘బోనులో పడింది’ అంటాం. ఆ చెక్కకి లోపలెక్కడుందో చూపించండి. దాన్ని తాకొద్దు అనాలి, దాని జోలికి వెళ్లొద్దు అనాలి. దానిలో చెయ్యి పెట్టొద్దని ఇంట్లో ఎవరైనా అంటారా? చెక్కదీ బోనే, నేను కాదనను. కానీ ఈ కాగితం చెప్పింది లోపలున్న బోను గురించి. మా అక్క దాని కోసమే వంగి చూసింది. కనపడలేదు. కాగితం చెప్పినట్టే నడుచుకుంది. నిర్లక్ష్యం కాగితం రాసిన చేతిది, విరిగిన చేతిది కాదు."

జడ్జిగారు చెక్కని చేతిలోకి తీసుకోబోయి, ఆగి, పెన్నుతో తిప్పి చూశారు. "బోనులో..." అని నెమ్మదిగా తనలో తనే అనుకున్నారు. ఓనరుని అడిగారు: "మీ పిల్లలకి దీని గురించి చెప్పాలంటే ఏమని చెబుతారు?"

"ముట్టుకోవద్దని చెబుతానండీ" అన్నాడు ఓనరు, ఆలోచించకుండా.

జడ్జిగారు ఆ మాట రాసుకున్నారు. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకీ తెలిసినట్టు లేదు.

తీర్పు తరవాత ఇస్తారట. గుమ్మం దగ్గర పెద్దాయన! ఎప్పుడొచ్చారో, వెనక బెంచీలో కూర్చున్నారట. కళ్లజోడు తుడుచుకుంటున్నారు. "‘లో’ సంగతి కూడా రాయాలమ్మా" అన్నారు. నేను అక్కడే ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. నువ్వు లేవుగా.

పిడుగు

*

షాపు,
కటింగ్ బల్ల

పిడుగూ,

తీర్పు నీకూ తెలిసే ఉంటుంది. ‘నిర్లక్ష్యం’ కొట్టేశారు, నన్ను పనిలోకి తీసుకోమన్నారు. అయితే ఈ ఉత్తరం అందుకు కాదు.

ఇవాళ మొదటి రోజు. వేలు సగమే వంగుతుంది. కత్తెర రింగు వెడల్పు చేయించుకున్నాను. దర్జీ, మిగతావాళ్లు నా అర ముందే ఖాళీ చేసి, కడిగి, కత్తెర బల్ల మీద పెట్టి ఉంచారు. ఓనరు ఎదురొచ్చి, "అంతా బాగు చేయించానమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా.

"కత్తెర దాని చోట పెట్టండి" అన్నాను.

పెట్టారు. అందరూ పని ఆపేశారు. మిషన్లు ఆగితే ఆ గది అంత పెద్దదని నాకిన్నేళ్లు తెలియలేదు. వంగాను. చెయ్యి రాలేదు పిడుగూ. భుజం వస్తోంది, మోచెయ్యి వస్తోంది, చెయ్యి మాత్రం నీ చేతుల్లాగే వెనక్కి వెళ్లిపోతోంది. నీ ఉత్తరంలో ఆ ముక్క చదవకపోతే నాకొక్కదానికే ఇలా అయిందనుకునేదాన్ని. పిచ్చిదానా, చప్పుడు వింటేనే నీకలా అయింది, నాకవదా అనుకుని, మళ్లీ వంగాను.

అరలో చెయ్యి పెట్టాను. కత్తెర తీశాను.

ఎవరో చప్పట్లు కొట్టబోతే దర్జీ కసిరాడు. నేను ఏమీ జరగనట్టే లైనింగు గుడ్డ పరిచాను. పరిచాక చూస్తే, ఒక అంచు మొత్తం చిన్న చిన్న పళ్లతో కొరికేసి ఉంది. కొత్తగా, ఈ ఉదయమే కొరికినట్టు.

ఇంత జరిగింది. కోర్టుకెళ్లాం, నిఘంటువు మార్చాం, నా వేలు విరిగింది, నువ్వు బోనెక్కావు. పందికొక్కు మాత్రం ఇంకా పడలేదు.

ఈ ఉత్తరం కుడిచేత్తో రాశాను. అక్షరాలు మళ్లీ వాలాయి, ఈసారి కుడివైపుకి. మనింటి తీగల బోను అమ్మ అటక మీద ఉంటుంది. పంపించు.

అక్క